బొమ్మ ముక్కల అంచు

బూడిద చిప్పలో వేళ్ళు అద్దుకుని కాటమయ్య మరో రెండు పోగులను కలిపాడు. పాత పడుగు కొస ఒకటి, కొత్త పడుగు కొస ఒకటి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క మెలిక పడేసరికి రెండూ ఒకటైపోయాయి. ఇక పక్క పోగు, మళ్ళీ బూడిద. గుంత మగ్గం వెనుక చాప వేసుకుని, పొద్దు పొడిచినప్పటి నుంచి అతను చేస్తున్నది ఇదే. రేపు అమావాస్య. అమావాస్యనాడు ఆ ఊళ్ళో ఏ మగ్గమూ ఆడదు. సగం అతికిన పడుగుతో అమావాస్య దాటడం ఇంటికి మంచిది కాదంటారు కాబట్టి, ఈ పూట ఎట్లాగైనా ముగించాలి.

భువనగిరికి కాలినడకన పొద్దెక్కేలోగా చేరగలిగే సాలెవాళ్ళ ఊరు అది. ఏ వీధిలోకి వెళ్ళినా మగ్గం చప్పుడే. కాటమయ్యకు మాత్రం సొంత మగ్గం లేదు. తండ్రి నాడే అది చేజారిపోయింది. ఎవరి పడుగు అయిపోతే వాళ్ళింటికి వెళ్ళి కొత్తది అతికి రావడం, వాళ్ళు పెట్టింది తినడం, సాయంత్రానికి ఇల్లు చేరడం, ఇదే అతని బతుకు. పెళ్ళాం ఈదమ్మ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. ఊళ్ళో ప్రతి చీరకూ అతని వేళ్ళు తగిలి ఉంటాయి గానీ, ఇది కాటమయ్య నేసింది అని చెప్పుకోవడానికి జేబురుమాలు కూడా లేదు. దాని గురించి అతనేమీ బెంగపెట్టుకున్నట్టు కనిపించడు.

అతనికి పేరంటూ వచ్చింది పేకాట దగ్గర. ఆడినందుకు కాదు, అతనసలు ఆడడు. మోసం పట్టడంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అమావాస్యనాడు మగవాళ్ళంతా అరుగు మీద చేరి బీడీలు పందెం పెట్టి ఆడుతుంటే, కాటమయ్య గోడకు ఆనుకుని చూస్తూ కూర్చునేవాడు. కట్ట అడుగు నుంచి ముక్క లాగేవాడి చూపుడువేలు, పంచకముందే అడుగుకు పోయి కాచుకుని ఉంటుంది. పైముక్క దాచుకుని రెండోది పంచేవాడి చేతిలో చప్పుడు మారుతుంది. మోకాలి కింద ముక్క పెట్టుకున్నవాడు బీడీ ఆరిపోయినా నిప్పు కోసం లేవడు. ఇద్దరు కూడబలుక్కుంటే, ఒకడు దగ్గాకే రెండోవాడు ముక్క పారేస్తాడు. ఇవన్నీ కాటమయ్యకు ఎవరు నేర్పారో తెలియదు. "జర గా మోకాలు లేపు బావా" అని మెల్లగా అనేవాడు. అరుగంతా గొల్లుమనేది. దొరికినవాడు కూడా నవ్వి బీడీలు వెనక్కి ఇచ్చేవాడు. ఆ నవ్వుల్లో మనిషి రెండంగుళాలు పెరిగినట్టు ఉండేవాడు కాటమయ్య. ఊళ్ళో తనను నలుగురూ తలెత్తి చూసేది ఆ పూటే మరి.

ఇప్పుడు అతను కూర్చున్నది చెన్నయ్య ఇంట్లో. ఇన్నేళ్ళుగా ఈ గడప తొక్కలేదు. ఈ ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే చుట్టు తిరిగి వెనక సందులోంచి పోయేవాడు. నిన్న సాయంత్రం చెన్నయ్య భార్య యాదలక్ష్మి వచ్చి వాకిట్లో నిలబడింది.

"షోలాపూర్ నుంచి వచ్చేసినమన్నా. మగ్గం మళ్ళ నిలబెట్టిన. నువ్వొచ్చి అతకాలె, ఎల్లుండి అమాస" అంది.

"వాడెట్లున్నడు?"

"ఏముంది, మిల్లుల దూదంత రొమ్ములకు పోయింది. దవాఖానోళ్ళు ఇంటికి తోలుకపొమ్మన్నరు."

కాటమయ్య రానని అనలేకపోయాడు. పొద్దున వచ్చాడే గానీ లోపలి గది వైపు తల తిప్పలేదు. మట్టిగోడ అవతల నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. దగ్గు వచ్చినప్పుడల్లా అతని వేళ్ళు ఆగి, తగ్గాక మళ్ళీ కదులుతున్నాయి.

చెన్నయ్య, అతను ఒక వీధిలో పెరిగినవాళ్ళు. చెన్నయ్య చిటికి కట్టేవాడు. అంటే రంగులో ముంచే ముందు నూలును ఎక్కడెక్కడ బిగించి కట్టాలో అక్కడ కట్టి, రంగు ఆరాక విప్పే పని. ముడులు విప్పడానికి బొటనవేలి గోరు పొడుగ్గా పెంచుకునేవాడు. అరుగు మీద ఆడే పేక కట్ట కూడా అతనిదే. అమావాస్యనాడు చంకలో పెట్టుకుని తెచ్చి, ఆట కాగానే ఇంటికి పట్టుకుపోయేవాడు.

ఊళ్ళో మొదటిసారి ఓట్లు పడిన ఏడు, పొలాల అమావాస్య రోజున, చెన్నయ్యకు ముక్క మీద ముక్క కలిసొచ్చింది. ఏ ఆటైనా అతనిదే. పక్కనే బీడీల కుప్ప పెరిగింది. కాటమయ్య కళ్ళు పెద్దవి చేసుకుని చూసినా చేతిలో మోసం కనిపించలేదు. కనిపించకపోవడమే అతనికి కంటగింపయింది. ఆట మధ్యలో కట్ట తీసుకుని ఒక్కొక్క ముక్క అంచు మీద వేలు నడిపించాడు. రాజు అంచు నడిమిన సన్నటి గాటు. రాణికీ ఉంది, గులాముకూ ఉంది. అంకెల ముక్కలన్నీ నున్నగా ఉన్నాయి.

"గీ పత్తలకు గోరు పెట్టిండ్రు" అన్నాడు కాటమయ్య.

అప్పుడు ఎవరూ నవ్వలేదు. మోకాలి కింద ముక్క పెట్టడం చిలిపితనం. ఇంట్లో కూర్చుని బొమ్మ ముక్కలన్నిటికీ గుర్తులు పెట్టుకురావడం వేరు. అందరి చూపులూ చెన్నయ్య బొటనవేలి మీదికి పోయాయి.

"నేను పెట్టలే కాటన్నా" అన్నాడు చెన్నయ్య.

"నా వేళ్ళు అబద్ధం చెప్పవు."

ఆ మాట అంటున్నప్పుడు తన గొంతులో ఎంత సంబరం ఉందో కాటమయ్యకు ఇప్పటికీ గుర్తే. ఆ సంబరాన్నే అతను మరిచిపోలేకపోయాడు. చెన్నయ్యను ఆ తర్వాత అరుగు మీదికి ఎవరూ రానివ్వలేదు. పత్తల్లో చేసినవాడు పట్టులో చెయ్యడా అని సావుకారు నూలు ఇవ్వడం మానేశాడు. ఏడాది తిరక్కుండానే మొగుడూ పెళ్ళాలు మూట కట్టుకుని షోలాపూర్ మిల్లులకు వెళ్ళిపోయారు. తల్లి ఉప్పలమ్మ మాత్రం కదల్లేదు. ఇంటింటికీ కండెలు చుట్టి పెడుతూ ఇక్కడే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి కాటమయ్య పడుగు అంచు దాకా వచ్చాడు. అంచులో ఎర్ర పట్టుపోగులు కొన్ని తెగి పొట్టిగా మిగిలాయి. అతుకు వెయ్యడానికి చాలవు.

"జర ఎర్ర రేశం ఉంటే ఇయ్యి చెల్లె" అని యాదలక్ష్మిని అడిగాడు.

మూల కూర్చుని రాట్నం తిప్పుతున్న ఉప్పలమ్మ లేచింది. "ఉండు బిడ్డా, నాకాడ ఉన్నది" అంటూ గోడ గూట్లో తడిమి, ఏదో తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఎర్ర పట్టు చుట్టిన అట్టముక్క. కాటమయ్య పోగు విప్పుతూ పోయాడు. విప్పేకొద్దీ కింద గడ్డం కనిపించింది, కిరీటం కనిపించింది. రాజు. చివరి చుట్టు అంచులోంచి ఊడివచ్చినప్పుడు అతని వేలు అలవాటుగా అక్కడ ఆగింది. పట్టుపోగు బిగిసి బిగిసి కోసిన సన్నటి గాటు.

అరుగు మీద ఆనాడు అతని వేలికి తగిలిన గాటే అది.

"ఇది పత్త గద చిన్నమ్మా" అన్నాడు.

"చెన్నిగాడు ఆడేటియే. నాకు అంకెలు తెల్వయి గద. బొమ్మలైతే ఏ రంగు దేని మీదున్నదో యాదికుంటది. రాజు మీద ఎరుపు, రాణి మీద పసుపు, గా పోరని బొమ్మ మీద నలుపు."

"ఎప్పటి సంది చుడుతున్నవ్?"

"అబ్బో, ఎప్పటి సందో. మీరు ఆడుకుంటరని అమాసకు ముందుగాల్నే విప్పి కట్టల పెట్టేదాన్ని. వానికి కూడా ఎరుక లేకుండె." ఉప్పలమ్మ అతని ఎదురుగా కూలబడింది. "నీ మీద నాకు కోపం లేదు కాటయ్యా. తప్పు వాడు చేసిండు, నువ్వు పట్టినవ్. నా కడుపున పుట్టి గీ పని చేస్తివా అని ఆనాడే తిట్టిపోసిన. ఒక్క మాట ఎదురు చెప్పలే."

కాటమయ్య చేతిలోని రాజును చాప మీద పెట్టి, బూడిద చేతులతోనే లేచి లోపలి గదిలోకి వెళ్ళాడు.

చెన్నయ్య నులక మంచంలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. భుజాల ఎముకలు అంగీలోంచి పొడుచుకు వచ్చాయి. అలికిడికి ఇటు తిరిగాడు. బొటనవేలి గోరు ఎప్పుడో కత్తిరించుకున్నాడు.

"చూసినవా?" అన్నాడు. గోడ అవతల మాటలన్నీ విన్నాడు కాబోలు.

"నీకు ముందే ఎరుకనా?"

"ఆ పొద్దే ఎరుకైంది. ఇంటికొచ్చి కట్ట గూట్ల పెట్టిన. జరసేపటికి చూస్తే అమ్మ రాజు మీద ఎర్ర రేశం చుడుతాంది."

"మరి అప్పుడే వచ్చి చెప్పకపోతివి!"

"ఎట్ల చెప్పాలె?" దగ్గు తెర ఒకటి వచ్చి పోయేదాకా ఆగాడు చెన్నయ్య. "చెప్తే ఊరంత వచ్చి అమ్మను అడుగుతుండె. కొడుకు బతుకు చెడగొట్టింది నేనే అని ఆమెకు ఎరుకైతుండె. నన్ను తిట్టుకుంటనన్న ఇంత బువ్వ తింటది. గది ఎరుకైతే తింటదా?"

కాటమయ్య మంచం కోడు పట్టుకుని కింద కూర్చున్నాడు. ఇన్నేళ్ళూ తాను వెనక సందులోంచి తిరిగింది సిగ్గుతో. ఒక స్నేహితుడి దొంగతనం బయటపెట్టానన్న సిగ్గు అనుకున్నాడు. ఇప్పుడు తెలిసిన నిజం ముందు ఆ సిగ్గు కూడా తనకు గౌరవంగానే తోచింది.

"రేపు అరుగు మీద చెప్త. అందరి ముందట చెప్త."

"అమ్మ ఉన్నన్ని దినాలు చెప్పకు. నా మీద ఒట్టు." చెన్నయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. పిడికిట్లో బలం లేదు. "గదంత ఇడిసిపెట్టు. నాతోని ఎన్నడన్న ఒక్క ఆట ఆడినవా నువ్వు? పత్తలు తెమ్మను."

ఉప్పలమ్మ సణుగుతూనే బొమ్మల మీది రంగులన్నీ విప్పి వేళ్ళకు చుట్టుకుని, కట్ట తెచ్చి మంచం మీద పెట్టింది. "పండుకోని పత్తలాటనా, బాగున్నది" అని మళ్ళీ రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది. చెన్నయ్య మంచం పట్టె మీదికి ఒరిగి, కింది చాప మీద ముక్కలు పంచాడు.

"వేళ్ళు ముయ్యి కాటన్నా. చూడకుండనే చదువుతవు నువ్వు."

కాటమయ్యకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో తాను నవ్వగలనని అతను అనుకోలేదు. పంచుతుండగా చెన్నయ్య చూపుడువేలు కట్ట అడుగుకు పోయింది. కింది ముక్క జారి చెన్నయ్య వైపే పడింది. అంత మొరటు మోసాన్ని కాటమయ్య ఏ అరుగు మీదా చూడలేదు. తలెత్తితే చెన్నయ్య అతన్నే చూస్తున్నాడు.

"ఏం, అనవా?"

"నాకేం కనవడలే" అన్నాడు కాటమయ్య.

చెన్నయ్య నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుని ఆట గెలిచాడు. రెండో ఆటకు ముక్కలు పంచారో లేదో యాదలక్ష్మి గుమ్మంలోకి వచ్చింది. "అన్నా, పొద్దు వాలుతాంది. ఇంక అంచు మిగిలే ఉన్నది" అంది.

"పత్తలు గట్లనే ఉండనీ, ముట్టకు. ఇప్పుడే వస్త" అని చెన్నయ్యతో చెప్పి లేచాడు కాటమయ్య.

"ముట్టను" అన్నాడు చెన్నయ్య, కళ్ళు మూసుకుంటూ.

ఎర్ర పోగులు ఒక్కొక్కటీ అతుకుతుంటే కాటమయ్యకు మనసు ఎప్పుడూ లేనంత తేలిగ్గా, ఎప్పుడూ లేనంత బరువుగా కూడా ఉంది. ఆట అయ్యాక ఏమని క్షమాపణ అడగాలో మాటలు కూడగట్టుకుంటున్నాడు. పడుగు ముగిసింది. చివరి పోగు మెలిపెట్టి, చేతులు దులుపుకుంటున్నప్పుడు గానీ అతనికి తెలియలేదు, గోడ అవతల నుంచి చాలాసేపుగా దగ్గు రావడం లేదని. అతను లేచి వెళ్ళేసరికి చెన్నయ్య కళ్ళు అట్లాగే మూసుకుని ఉన్నాడు. ముక్కు దగ్గర వేళ్ళు పెట్టి చూశాడు కాటమయ్య. ఆ వేళ్ళు చెప్పింది ఈసారి నిజమే.

దీపాలు పెట్టే వేళకు వాకిలి నిండింది. చెన్నయ్యను వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టారు. ఉప్పలమ్మ కొడుకు తల దగ్గర కూర్చుంది. పేకాట అరుగు మీద ఒకప్పుడు ఆటంతా నడిపించిన మారయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"పత్తల కాడ ఏం చేసినా గానీ, మనిషి మెత్తటోడు" అన్నాడు.

"ఏం చెయ్యలే" అన్నాడు కాటమయ్య. అందరూ అతని వైపు తిరిగారు. "వాడు గోరు పెట్టలే. నా వేళ్ళే తప్పు చెప్పినయ్."

మారయ్య వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నీ వేళ్ళు తప్పెట్ల చెప్తయే? వాని మీది పావురం కొద్ది, ప్రేమ కొద్ది అంటున్నవ్. పోయినోని మీద మంచిమాట అనాలె, మంచిదే."

"పావురం గాదు మారన్నా! నిజంగనే..." అని కాటమయ్య ఆగిపోయాడు. ఉప్పలమ్మ తలెత్తి అతన్నే చూస్తోంది. మరి ఆ గాట్లు ఎవరు పెట్టారని ఒక్కరు అడిగినా, తన నోట ఏం వస్తుందో అతనికే తెలియదు. ఎవరూ అడగలేదు. అందరూ జాలిగా తల ఊపారు. కాటమయ్య వేళ్ళు తప్పు చెబుతాయని ఆ ఊళ్ళో ఎవరిని నమ్మించగలడు? ఆ పేరు తాను కష్టపడి సంపాదించుకున్నదే.

"నువ్వు మంచోనివి కాటయ్యా" అంది ఉప్పలమ్మ. "వాని తప్పు కూడా నీ మీదేసుకుంటున్నవ్."

కాటమయ్య అక్కడ నిలబడలేక లోపలికి వెళ్ళి, గోడకు ఆనుకుని ఏడ్చాడు. మంచం బయటికి మోసుకుపోయారు గనుక గది ఖాళీగా ఉంది. కింద చాప మీద రెండో ఆట పంచి పెట్టినట్టే ఉంది. ఒక్క వేలు ఆనిస్తే చాలు, చెన్నయ్యకు ఏ బొమ్మలు పడ్డాయో అతనికి తెలిసిపోతుంది. అతను రెండు చేతులూ చంకల్లో ముడుచుకున్నాడు. గుమ్మంలోంచి పడుతున్న దీపం వెలుతురులో చెన్నయ్య ముక్కలు బోర్లా, ఒకదాని మీద ఒకటి కొద్దిగా జరిగి, ఎవరూ ఎత్తి చూడకుండా అట్లాగే ఉన్నాయి.