ఊరికే ఇచ్చిన చోటు

నేను ఒక హార్డ్‌డిస్కును. పుట్టింది ఎక్కడో పరదేశపు ఫ్యాక్టరీలో. కాపురం మాత్రం హైదరాబాదు శివార్లలో, ఎప్పుడూ చలిగా ఉండే ఒక పెద్ద హాల్లో, నాలాంటి వేల డిస్కుల మధ్య. నన్ను కొన్న కంపెనీ జనానికి ఊరికే చోటిచ్చేది. ఫొటోలు, వీడియోలు ఎన్నైనా దాచుకోండి, పైసా వద్దు అనేది.

నన్ను అరలో బిగించిన రోజే ఒక ఇంజనీరమ్మ అడిగింది. "ఇలా ఎన్నాళ్ళు ఇస్తాం సార్? కరెంటు బిల్లు చూశారా?"

"అలవాటయ్యేదాకా" అన్నాడు మేనేజరు. "ముందు ఇంట్లో దాచుకోవడం మానెయ్యనీ."

నా వాటాకు పెడన నుంచి సుభాషిణి వచ్చింది. కలంకారీ అద్దే ఇంటికి కొత్త కోడలు. ఆమెకు అన్నీ సంబరాలే. మొగుడు పార్వతీశం ముక్కుకు అంటిన నీలిరంగు ఒక వీడియో. తడి చీర మీద వాలిన తూనీగకు పదకొండు ఫొటోలు. మోసేవాణ్ణి నేనైనా, నాకూ ముచ్చటగానే ఉండేది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. అచ్చు వేసే చెక్క దిమ్మె అరిగిపోతే, దాన్ని చివరిసారి తెల్లగుడ్డ మీద అద్ది, ఆ గుడ్డను పెట్టెలో దాచి, అప్పుడే దిమ్మెను రంగు కాగే పొయ్యిలో పెడతారు. కొత్త దిమ్మె చెక్కేవాడికి ఆ గుడ్డే ఆధారం. ఒకనాటి వీడియోలో ఆమె మావగారు కోటయ్య గుడ్డ పరుస్తున్నాడు.

"గుడ్డెందుకు మావయ్యా? ఫొటో తీశాగా! దీనికి చెద కూడా పట్టదు."

"ఊరికే దాచిపెట్టడానికి వాళ్ళేమన్నా మన చుట్టాలా అమ్మా? వాళ్ళకేంటి లాభం?"

"ప్రకటనలు చూపిస్తారు, అంతే."

"మా ఆవిడ డిగ్రీ చదివింది నాన్నా" అన్నాడు పార్వతీశం మురిసిపోతూ.

కోటయ్య దిమ్మె అద్దకుండానే గుడ్డ మడిచేశాడు. జంట హంసల అంచు దిమ్మె పొయ్యిలోకి వెళ్ళింది.

ప్రకటనలు వచ్చాయి. ఆమె దాచిన అంచుల్ని చూసి కంపెనీ ఆమెకే మిల్లు కలంకారీ చీరలు చూపించింది, సగం ధరకు. అలాంటివి చూడకుండా తోసెయ్యడం ఆమె నేర్చుకుంది.

మూడేళ్ళకు మేనేజరు లెక్క తేల్చాడు. "ఇక అద్దె అడుగుదాం. వందలో అయిదుగురు కడతారు, మనకు చాలు. మిగతావాళ్ళని మొయ్యడం కంటే చెరిపెయ్యడం చవక." ముప్పై రోజుల గడువుతో నోటీసు పంపారు. ప్రకటనల గుట్టలో అదీ ఒకటై పోయింది. సుభాషిణి దాన్నీ తోసేసింది.

గడువు దాటిన పదిరోజులకు ఆమె గొంతు వచ్చింది, ఫిర్యాదుల విభాగానికి పంపిన సందేశంగా. "అండీ, జంట హంసల అంచుతో నాలుగొందల చీరలు అడిగారు. డబ్బెంతైనా కడతాం, ఆ ఒక్క ఫొటో ఇవ్వండి." వెనక పార్వతీశం ఏదో గొణుగుతున్నాడు. కోటయ్య గొంతు వినిపించింది. "ఆ పిల్లనేం అనకురా. గుడ్డ మడిచింది నేను."

యంత్రం జవాబిచ్చింది: "మా సేవ మీకు నచ్చిందా? అయిదు నక్షత్రాలివ్వండి."

ఆమెకు ఎవరూ చెప్పనిది ఒకటుంది. చెరిపెయ్యడమంటే జాబితాలో పేరు కొట్టెయ్యడమే. హంసలు నాలోనే ఉన్నాయి, ఈక కూడా చెదరకుండా. వెతికి తియ్యడానికి ఒక మనిషికి సగం రోజు పని. ఊరికే వచ్చినవాళ్ళ కోసం సగం రోజు ఎవరిస్తారు?

ఇవాళ నన్ను అరలోంచి పీకి బల్ల మీద పెట్టారు. పాతబడ్డానట.

"ఇందులో ఏమున్నాయి?" అన్నాడు డ్రిల్లు పట్టుకున్నాయన.

"ఏమీ లేవు. కానియ్."

మొదటి చిల్లు హంసల పక్కనుంచి పోయింది. రెండోది పెడుతున్నాడు.