రుజువు మాస్టారి చెవులు

ఎవరు ఏం చెప్పినా "రుజువేదీ?" అని అడగడం ఆయనకు అలవాటు. పిల్లలు ఊరుకుంటారా, రుజువు మాస్టారని పేరు పెట్టేశారు. అది వెక్కిరింతని తెలిసినా ఆయన బిరుదులాగే మోశారు. బళ్ళో భౌతికశాస్త్రం చెప్పడం ఆయన ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నం అక్క నమ్మకాన్ని చీల్చి చెండాడటం ఆయన ఉద్యమం.

అక్క కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. పసిపిల్లలు ఎక్కడ లేస్తారోనని ఉద్యోగమంతా గుసగుసగా మాట్లాడి, చివరికి గొంతే అలా స్థిరపడిపోయింది. ఆదివారం చర్చి నుంచి తిన్నగా తమ్ముడింటికి భోజనానికి వస్తుంది. ఆమె కంచం ముందు కూర్చోవడమే ఆలస్యం, మాస్టారు మొదలుపెడతారు. బైబిల్లో నోవహు ఓడలో అన్ని జంతువులు ఎలా పట్టాయి? భూమంతా మునిగితే ఆ నీళ్ళన్నీ ఎటు పోయాయి? రాతి పొరల్లో ఆనవాలేదీ? సూర్యుడు ఆగిపోయాడంటున్నారే, అసలు తిరిగేది ఎవరు? అక్క తలవంచుకుని పెదవులు కదుపుతుంది. పాపం, జవాబు లేక ప్రార్థన చేసుకుంటోందని మాస్టారు జాలిపడి, ఆ జాలితోనే మరో రెండు ప్రశ్నలు వడ్డిస్తారు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

ఒక ఆదివారం అక్క కంచం పక్కకు జరిపి లేచింది. తమ్ముడి చెవి దగ్గరికి వచ్చి, చేతనైనంత గట్టిగా అంది.

"ఒరేయ్, నీతో అరిచి అరిచి నా గొంతు పోతోంది. నీకు చెవుడొచ్చిందిరా. పరీక్ష చేయించుకో. అందాకా నేనీ ఇంటికి రాను."

"చెవుడా? నాకా? రుజువేదీ?"

"మీ ఆవిణ్ణి అడుగు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ మాస్టారి మతం గురించి కూడా కాస్త చెప్పుకోవాలి. దేవుణ్ణి నమ్మకపోయినా ఆయనకూ ఒక మతముంది. 'ఈ కాలపు జనానికి నోరు తెరిచి మాట్లాడటం రాదు' అన్నది అందులోని ఏకైక సూత్రం. కుక్కర్ ఈల వినపడకపోతే వాషర్ పాడైనట్టు. వీధి తలుపు గంట వినపడకపోతే దాని వైరు తెగినట్టు. వెనక బెంచీవాడి జవాబు వినపడకపోతే వాడు చదవనట్టు. ఎదురొచ్చిన ప్రతి సాక్ష్యాన్నీ తినేసి ఆ నమ్మకం ఇంకా బలిసింది. భార్య చెవి పరీక్ష మాట ఎన్నిసార్లో ఎత్తింది. ఆవిడ కూడా గొణుగుడు మనిషేనని మాస్టారు తేల్చేశారు.

తరవాతి ఆదివారం అక్క రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఆమె కూర్చునే కుర్చీలో మడత పెట్టని బట్టలు పేరుకున్నాయి. మాస్టారికి అన్నం సయించలేదు. వాదించడానికి మనిషి లేక కాబోలనుకున్నారు మొదట. కాదు, అక్క లేక. ఊహ తెలియకముందే అమ్మ పోతే, ఆయన్ని పెంచింది ఆ గుసగుస గొంతే. ఇది ఒప్పుకోవడానికి మాత్రం ఆయనకు ఏ రుజువూ అక్కర్లేకపోయింది. మరునాడే చెవుల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరారు, తన చెవులు దివ్యంగా ఉన్నాయని కాగితం తెచ్చి అక్క ముందు పెట్టడానికి.

డాక్టరమ్మ ఆయన్ని గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమంది. మాస్టారు బటన్ మీద వేలు పెట్టి, యంత్రం ఎప్పుడు మొదలవుతుందా అని కాలూపుతూ కూర్చున్నారు. కాసేపటికి ఆమె తలుపు తీసింది.

"అయిపోయింది సార్, బయటికి రండి."

ఆమె కాగితం మీద చూపించిన గీత సగం దాకా బాగానే నడిచి, అక్కణ్ణుంచి జారుడుబల్లలా కిందికి పోయింది.

"సన్నటి చప్పుళ్ళు, మెల్లటి గొంతులు మీకు అందట్లేదు సార్."

"మీ యంత్రం తప్పు చూపిస్తోందేమో. గదిలో ఫ్యాను మోత కూడా ఉంది."

"ఆ గదిలో ఫ్యాను లేదు సార్."

"నేను పిల్లలకి ధ్వని పాఠం చెప్పేవాణ్ణమ్మా!"

"అయితే మీకు నేను చెప్పేదేముంది? ఒక్కటి అడుగుతాను. ఇది కాకపోతే ఇంకే రుజువు చూపిస్తే నమ్ముతారు?"

మాస్టారు ఆ గీతను మళ్ళీ చూశారు. ఆ ప్రశ్న ఆయనదే. అక్షరం పొల్లుపోకుండా ప్రతి ఆదివారం అక్క మీదికి వదిలేదే. మర్యాదగా అడిగినా అది ఇంత మండుతుందని ఆయనకు తెలియదు. ఇంత మొండి భక్తుణ్ణి ఏ చర్చీ భరించలేదని తన గురించి తనే అనుకుని, సిగ్గుపడుతూ చెవులు అప్పగించారు.

వినికిడి యంత్రాలతో ఇల్లు చేరేసరికి వంటింట్లో కుక్కర్ కూసింది. మాస్టారు ఉలిక్కిపడ్డారు.

"వాషర్ బాగానే ఉందే!"

"అది ఎప్పుడూ బాగానే ఉందండీ" అంది భార్య.

కబురందుకుని ఆదివారం అక్క వచ్చింది. కుర్చీలో బట్టలు మాస్టారే తీశారు. ఇవాళ ఆమె జవాబు చివరిదాకా వినాలని ఒట్టు కూడా పెట్టుకున్నారు. కానీ అలవాటు ఊరుకుంటుందా?

"అక్కా, ఆ ఓడ సంగతి..."

అక్క నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు కూడా వినపడింది.

"మళ్ళీ ఓడేనారా? అలా జరిగుండదని ఎప్పుడో ఒప్పుకున్నాను కదా. నువ్వు రాతి పొరల బొమ్మ గీసి చూపించిన రోజే. నువ్వు చెప్పింది నిజమేరా అన్నాను. నువ్వేమో ఇంకా గట్టిగా అరిచావు."

"మరి... సూర్యుడు ఆగటం?"

"అదీ ఒప్పుకున్నాను. చాలా ఏళ్ళయింది."

మాస్టారు భార్య వైపు తిరిగారు. "నువ్వైనా చెప్పొచ్చుగా?"

"చెప్పానండీ."

మాస్టారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భక్తుల ముందు రుజువులు పనిచెయ్యవని స్టాఫ్ రూములో ఊదరగొట్టిన పెద్దమనిషి! పనిచేశాయి. ఈ బల్ల దగ్గరే, ఆయన కళ్ళెదుటే పనిచేశాయి. గెలిచిన సంగతి తెలియక ఇన్నేళ్ళూ ఆయన యుద్ధం చేస్తూనే ఉన్నారు, అదీ ఎప్పుడో దారికొచ్చిన మనిషితో.

"అవన్నీ ఒప్పుకున్నాక ఇంకా చర్చికెందుకక్కా?" ఈసారి మెల్లగానే అడిగారు.

అక్క చేతిలో ముద్దను కంచంలో దించింది.

"ఒక్కటి మిగిలిందిరా. ప్రభువు చనిపోయి లేచాడన్నది. అది నిజమైతే నేను అమ్మని మళ్ళీ చూస్తాను. నీకు అమ్మ మొహం గుర్తులేదు, నాకుంది. రుజువంటావా, నా దగ్గర లేదు. నువ్వేదో ఒకటి చెప్తావు, అదీ పోతుందని భయం. నీ మాటలు నాకు బాగానే వినపడతాయి కదా."

దానికీ మాస్టారి దగ్గర వాదం ఉంది. అన్నిటికంటే పదునైనది, ఏళ్ళుగా నూరి పెట్టుకున్నది. అది నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాటకు భయపడుతూనే అక్క ఆయన పెదవులకేసి చూస్తోంది. మాస్టారు ఆ వాదాన్ని అన్నం ముద్దతో పాటు మింగేశారు.

అక్క అనుమానంగా ముందుకు వంగింది.

"ఏరా, బ్యాటరీ అయిపోయిందా?"

"లేదక్కా, వినపడుతోంది" అన్నారు మాస్టారు. "అమ్మ ఎలా ఉండేదో చెప్పు."