ఎదుటి గ్లాసులో నీళ్లు

మార్చి తొమ్మిది, ఆ పూట తిన్నది బఠాణీ సూపు, రెండు రొట్టె ముక్కలు, ఉడికించిన గుడ్డు, తేదీ ఎందుకు గుర్తంటే ఆ ఉదయమే సర్జన్ నా మోకాలు తట్టి చూసి, ఎనిమిది కిలోలు తగ్గితేనే కత్తి పడతానన్నాడు, లేదంటే చేతికర్రే గతి, ముప్పై ఏళ్లు తూనికల శాఖలో ఊరందరి కాటాలకూ ముద్రలు వేసినవాణ్ణి, నా తూకం చెప్పడానికి ఇంకొకడు కావలసివచ్చాడు, దారిలోనే డైట్ కూల్‌డ్రింకు పెట్టె కొనుక్కొచ్చాను, డబ్బా మీద కేలరీలు సున్నా అని ఉంది, సున్నాని నమ్మడం నా ఉద్యోగం నేర్పిన గుణం, ముల్లు సున్నా మీద నిలిస్తే ఆ కాటా నిజాయితీది, అంతే, ఆరు వారాలకు స్నానాలగది కాటా అరకిలో ఎక్కువ చూపించింది, తప్పు కాటాదేనని, రిటైరైననాడు ఆఫీసువాళ్లిచ్చిన పది కిలోల రాయి ఈడ్చుకొచ్చి దానిమీద పెట్టాను, సరిగ్గా పది, వెంట్రుకవాసి తేడా లేదు, గుమ్మంలో నిలబడ్డ కోడలు, రాయి పాసయింది మావయ్యా, ఇక మీరెక్కండి, అంది, నవ్వు పెదవి దాటనివ్వకుండా అంది, ఆ పిల్ల గొప్పతనమంతా అక్కడే ఉంది.

నర్సు గదా, ఉపన్యాసం ఇస్తుందనుకున్నాను, ఇవ్వలేదు, వారం రోజులు ఊరికే చూసింది, డబ్బా టప్పున తెరుచుకోగానే నా చెయ్యి దానంతటదే వేయించిన వేరుశనగల సీసాలోకి పోవడం, సున్నాయే కదా అన్న ధీమాతో గుప్పెడు రెండు గుప్పెళ్లవడం, డబ్బాని రెండు గ్లాసుల్లోకి వంచడం, ఒకటి నాకు, ఒకటి ఎదుటి ఖాళీ కుర్చీ ముందు, మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒక్క డబ్బా ఇద్దరం పంచుకునేవాళ్లం, అంత నురగ నాకెందుకండీ అని ముక్కు చిట్లించేది, పోయి నాలుగేళ్లయినా చేతికి ఆ సంగతి తెలియదు, చివరికి రెండో గ్లాసూ నేనే తాగాలి, దానికి తోడు మళ్లీ గింజలు.

నీళ్లు తాగి చూద్దామా మావయ్యా, నేనూ తాగుతా, అంది, నీళ్లకేం రుచి ఉంటుందమ్మా అన్నాను, మీ రాయికి ఏం రుచి ఉందని ఇన్నేళ్లు నమ్మారు, అంది, అబ్బాయి అన్నం మధ్యలో పొలమారి దగ్గాడు, ఆవిడ గ్లాసు లోపల పెట్టేస్తుందేమోనని కోడలి చేతులకేసే చూశాను, పెట్టలేదు, రెండింటిలోనూ నీళ్లు పోసింది, తను మాత్రం స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది, ఆ కుర్చీని ముట్టుకోలేదు, వేరుశనగల సీసా కూడా దాచలేదు, డబ్బా చప్పుడు లేకపోయేసరికి ఆ సీసా ధ్యాసే నాకు రాలేదు.

ఏడు నెలలు, ఇవాళ ఎనిమిదో కిలో దిగింది, సర్జన్ తేదీ ఇచ్చాడు, అదంతా నీళ్ల మహిమే అనుకుంటూ పడక్కుర్చీలో కళ్లు మూసుకున్నాను, నిద్రపోయాననుకుని కోడలు, నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను, రెండు గ్లాసులూ కడిగి పక్కపక్కనే బోర్లించింది, అప్పుడు తెలిసింది, నాకున్నది డబ్బా దాహం కాదు, ఎదుట ఒక గ్లాసు ఉండాలన్న దాహం, అందులో ఏముంటేనేం, ఈ పిల్లకి ఆ సంగతి మొదటి వారమే తెలుసు, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, వంటింటి తలుపు మెల్లగా మూసింది.