హైమావతి గురి

రెండువేల సంవత్సరం గండం గడిచి కంప్యూటర్లేవీ కుప్పకూలనందుకు సంబరంగా, సింగపూర్‌లో సుధాకరరావు పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు ఉద్యోగుల్ని కుటుంబాలతో సహా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళారు. సుధాకరరావు పుట్టి బుద్ధెరిగి తుపాకీ ముట్టలేదు. అయినా ముందురోజే ఇంటర్నెట్‌లోంచి పన్నెండు పేజీలు ప్రింటు తీసి, సెరంగూన్‌లోని ఇంటి నుంచి దారి పొడుగునా భార్య హైమావతికి చదివి వినిపించాడు. పెళ్ళయిన ఈ ఆరేళ్ళలో బెండకాయ తరగడం దగ్గర్నుంచి గొడుగు మడవడం దాకా ఆమెకు అన్నీ అతనే నేర్పాడు మరి.

రేంజ్‌లో కోచ్‌గా ఉన్న చైనీస్ పెద్దాయన కో అంకుల్ కొత్తవాళ్ళందరికీ ఎయిర్ రైఫిళ్ళిచ్చి, చెవులు మూసే డిప్పలు తగిలించాడు. హైమావతి గురి చూస్తుంటే పక్కన మొగుడి పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాట మాత్రం ఒక్కటీ వినపడలేదు. ఆమె ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! తాపీగా ఊపిరి బిగబట్టి పది గుళ్ళూ పేల్చింది. ఎనిమిది గురి అట్ట మధ్యనున్న నల్లటి వలయంలో పడ్డాయి. తర్వాత సుధాకరరావు పేల్చిన పదింట్లో రెండు అట్టకు తగిలాయి.

"చూశారా సార్, నేను చెప్పింది చెప్పినట్టు కాల్చింది," అని అతను మేనేజర్‌తో గొప్పగా అన్నాడు.

హైమావతి డిప్పలు తీసి, తిన్నగా వెళ్ళి శనివారం క్లాసులకు ఫారం నింపింది.

"వెరీ గుడ్ లా! హస్బెండ్ కూడా జాయినింగ్ ఆ?" అని అడిగాడు కో అంకుల్.

"నో నీడ్ అంకుల్, ఆయనకి ఎవ్రీథింగ్ తెలుసు," అంది హైమావతి.