అట్ట అడుగులు

గాలి వాగు వైపు నుంచి వీచిన రోజున ఊళ్ళో కిటికీలన్నీ టపటపా మూసుకునేవి. ఆమె తోళ్ళ కార్ఖానా వాగు ఒడ్డునే ఉండేది. సున్నపు గుంటల్లో నానే పచ్చితోళ్ళు, గీరి పడేసిన కొవ్వు, దాని మీద ముసిరే ఈగలు. పని ఉన్నవాడు తప్ప ఎవరూ అటు వచ్చేవారు కారు.

భర్త జ్వరంతో పోయేనాటికి ఆమెకు ముప్పయ్యేళ్ళు నిండలేదు. పిల్లల్లేరు. నెల తిరక్కుండానే మరిది వచ్చి కూర్చున్నాడు.

"ఈ కంపు మనకెందుకు వదినా? అమ్మేద్దాం. మా ఇంట్లో వెనక గది నీకిస్తాను. పిల్లల్ని చూసుకుంటూ హాయిగా ఉందువుగాని."

"మీ పిల్లల్ని చూసుకోడానికి మీ ఆవిడ ఉందిగా. కంపంటావా, నాకు అలవాటే" అందామె.

మర్నాడు భర్త కట్టుకునే తోలు పట్టీ నడుముకు బిగించి, గీరుడు కత్తి చేతబట్టింది. పనివాళ్ళు కొన్నాళ్ళు నవ్వుకున్నారు, తర్వాత మానేశారు. ఊరు మాత్రం 'కంపు దొరసాని' అని పేరు పెట్టి ఊరుకుంది.

యుద్ధం మొదలైన ఏడాది షావుకారు వచ్చాడు. సైన్యానికి బూట్లు కుట్టించి ఇచ్చే కాంట్రాక్టు ఆయనది. భార్య పోయి చాలాకాలమైంది. అంత శుభ్రమైన కోటు వేసుకున్నవాళ్ళు గేటు దగ్గరే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునేవారు. ఆయన పెట్టుకోలేదు. తడి బల్ల మీద తోలు పరిచి, వేళ్ళతో వంచి చూసి, "పొట్ట దగ్గర పల్చగా ఉంది" అన్నాడు.

"పల్చగానే ఉంటుంది. దానికి మీలా కూర్చుని తినే భాగ్యం లేదు కదండీ."

ఆయన తన పొట్ట వంక చూసుకుని పగలబడి నవ్వాడు.

మనిషిని పంపితే సరిపోయే పనికి ఆయనే రావడం మొదలుపెట్టాడు. గుంటల పక్కన పీట వేసుకుని, ఆమె ఇచ్చిన రొట్టె తింటూ కబుర్లు చెప్పేవాడు. ఒకసారి, తోళ్ళు నానబెట్టే బెరడు నీళ్ళకు గోధుమరంగు తిరిగిపోయిన ఆమె చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు.

"ఈ చేతులు ఎవరి దయా అడగవు. అందుకే నాకిష్టం. పెళ్ళయినా కార్ఖానా నీదే, నేను వేలు పెట్టను" అన్నాడు.

ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. ఆ రాత్రి చాలాకాలానికి తనలో తను నవ్వుకుంది. చలికాలం వెళ్ళాక పెళ్ళనుకున్నారు.

ఆ చలికాలంలోనే ఊరి బడిని ఆసుపత్రి చేశారు. గాయపడ్డ సైనికులను రైళ్ళలో తెచ్చి దించుతున్నారు. కాళ్ళు కుళ్ళినవాళ్ళను ఉంచిన గదిలోకి ఆయాలు కూడా అడుగుపెట్టడం లేదు. నర్సమ్మ కార్ఖానాకు వచ్చి, మాట ఎలా కలపాలో తెలియక నిలబడిపోయింది.

"మీకు... వాసన అలవాటు కదా అని..."

"అలవాటే. పదండి" అంది ఆమె, చేతులు తుడుచుకుంటూ.

కానీ అక్కడి వాసన ఆమె ఎరిగింది కాదు. చచ్చిన తోలు వాసన వేరు, బతికున్న మనిషి కుళ్ళే వాసన వేరు. పళ్ళు బిగబట్టి, మొదటి మంచం మీదున్న కుర్ర సైనికుడి బూటు లాగింది. బూటు అడుగు నానిన రొట్టెలా ముద్దయి చేతిలోకి వచ్చింది. దానితోపాటు మేజోడు, మేజోడుతోపాటు మడమ చర్మం.

"వాన పడగానే ఊడిపోయాయమ్మా. గుడ్డలు కట్టుకుని నడిచాం. మా పటాలమంతా ఇంతే" అన్నాడు అతను.

ఆమె ఆ ముద్దను కిటికీ వెలుగులో విప్పి చూసింది. అది అట్ట. పొరలు పొరలుగా జిగురు పెట్టి అంటించి, పైకి కనబడేందుకు కాగితం మందాన తోలు అతికించారు. బూటు పైభాగం మాత్రం నికార్సయిన తోలు, తన కార్ఖానాదే. బూటు మడమ మీద షావుకారు ముద్ర ఉంది. ఆమె పెరట్లోకి పరుగెత్తి గోడ పక్కన వాంతి చేసుకుంది.

అక్కడి నుంచి తిన్నగా ఆయన కొట్టుకు వెళ్ళింది. ఆయన గుమాస్తాను బయటికి పంపి తలుపు వేశాడు.

"పైన మంచి తోలే వేశాను కదా. నీ దగ్గర కొన్నదే" అన్నాడు.

"అడుగున?"

"అందరూ చేస్తున్నదే. తనిఖీకి వచ్చే అధికారికీ తెలుసు. బూటు రెండు నెలలు ఆగితే చాలు. అంతకుమించి బతికేవాళ్ళెందరులే."

మారాం చేసే పిల్లకు నచ్చజెబుతున్నంత మెల్లగా అన్నాడు ఆ మాట. అని, ఆమె చెయ్యి అందుకున్నాడు. "మిగిలేదంతా మనిద్దరి కోసమే కదా."

జలగ పాకినట్టయింది. చెయ్యి విదిలించుకుని వచ్చేసింది. ఇంటికి వచ్చి, ఆయన ముద్దు పెట్టుకున్న చోటల్లా సున్నం రాసి, మండి చర్మం లేచేదాకా రుద్దుకుంది. ఆ చేతులు ఆయన రాకకోసం ఎదురుచూసినవేనన్న సంగతి మాత్రం ఏ సున్నానికీ పోలేదు.

పెళ్ళి లేదని తెలిసి మరిది పరుగున వచ్చాడు. "బంగారం లాంటి సంబంధం వదినా. వ్యాపారమన్నాక ఆమాత్రం ఉండదా?"

"అంత నచ్చితే నువ్వే చేసుకో" అందామె.

కొన్నాళ్ళకు షావుకారు ఊరి పెద్దల్నీ ఒక సైనికాధికారినీ వెంటబెట్టుకుని ఆసుపత్రికి పళ్ళు పంచడానికి వచ్చాడు. అప్పుడే దింపిన సైనికుడి పక్కన ఆమె కూర్చుని ఉంది.

"షావుకారు గారూ, ఇతని బూట్లు కాస్త విప్పండి."

"నేనా?" ఆయన నవ్వబోయాడు.

"మీరు కుట్టించినవే కదండీ."

అధికారి చూస్తున్నాడు. ఆయనకు తప్పలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వేలికొసలతో పట్టుకుని లాగాడు. అడుగు ఊడి వచ్చింది, వేళ్ళ మధ్య నుంచి చీము కారింది. ఆయన పక్కకు తిరిగేలోపే తన కోటు మీదే కక్కుకున్నాడు.

"క్షమించండయ్యా. దార్లో కడుక్కోడానికి నీళ్ళు దొరకలేదు" అన్నాడు సైనికుడు సిగ్గుపడుతూ.

ఆమె లేచి, ఆ అట్టను అధికారి కళ్ళముందే పొర తర్వాత పొరగా చీల్చి చూపించింది.

విచారణ జరిగింది. తనిఖీ అధికారిని ఇంకో ఊరికి బదిలీ చేశారు. షావుకారు కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. ఆమెకు మెచ్చుకోలేమీ దక్కలేదు. ఇంటిగుట్టు బయటపెట్టే మనిషని మిగతా వర్తకులు ఆమె దగ్గర కొనడం మానేశారు. సగం గుంటలు పూడ్చేయాల్సి వచ్చింది. ఉన్న తోలుతో, మళ్ళీ నడవగలిగిన సైనికుల బూట్లకు అడుగులు కోసి ఇచ్చింది.

యుద్ధం ముగిశాక ఒక మధ్యాహ్నం షావుకారు గేటు దగ్గరికి వచ్చాడు. చిక్కిపోయాడు. లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఆ వ్యాపారం వదిలేశాను. ఆ కాలు ఇప్పటికీ నిద్రలో కనబడుతుంది. నీ కోపం పోలేదా?"

ఆ గొంతు వినగానే ఒంట్లో ఏదో కదిలింది. అన్నిటికన్నా అదే ఆమెకు రోత పుట్టించింది.

"కోపం ఎప్పుడో పోయిందండీ. రోత పోలేదు."

"అది ఎప్పటికి పోతుంది?"

"తెలీదు. పోయినా మీకు కబురు పెట్టను. ఎండగా ఉంది, మంచినీళ్ళు తాగి వెళ్ళండి."

ఆయన చెంబెడు నీళ్ళూ తాగి వెళ్ళిపోయాడు. ఆమె వీధి మలుపు దాకా ఆయన్ని చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, పనివాళ్ళతో కలిసి గుంటలోంచి బరువైన తోలు ఒకటి పైకి లాగింది.