ఆఖరి శుక్రవారం రేటు

ట్రెండు అన్న మాట వినబడితే చాలు, హర్షిదాబెన్‌కి ఒళ్ళు మండుతుంది. వాపి పారిశ్రామికవాడలో ఇరవై ఆరేళ్ళుగా సోడియం ఎసిటేట్ తయారుచేసి సూరత్ అద్దకం మిల్లులకి అమ్ముతోంది ఆవిడ. తొమ్మిదిమంది పనివాళ్ళు, రెండు రియాక్టర్లు, ఒక ఆసిడ్ ట్యాంకు, నోట్లో నాలుక లేని భర్త పీయూష్‌భాయ్. ఇదీ ఆవిడ సంస్థానం.

ఎసిటిక్ ఆసిడ్ లేకపోతే ఆ సంస్థానంలో పొయ్యి వెలగదు. అది ఓడల్లో హజీరా రేవుకి వస్తుంది. ఈ చుట్టుపక్కల చిన్న ఫ్యాక్టరీలకి దాన్ని తెచ్చి పోసేవాడు కేవల్ శేఠ్ ఒక్కడే. పదకొండు ఫ్యాక్టరీలూ అతనితో ఏడాది ఒప్పందం రాసుకున్నాయి. నెల ఆఖరి శుక్రవారం నాడు ముంబయి రేటు పత్రంలో ఏ ధర పడితే, మర్నెల ఒకటో తారీఖు నుంచి అందరికీ అదే ధర. ఆ షరతు రాసింది కేవల్ శేఠే. వీళ్ళంతా ఆయన ఆఫీసులో గాఠియా, వేయించిన మిరపకాయలూ తింటూ, చదవకుండానే సంతకాలు పెట్టొచ్చారు.

దాని ఫలితం మూడు నెలలుగా అనుభవిస్తున్నారు. నెల పొడుగునా కిలో నలభై ఆరు, నలభై ఏడు దగ్గర నేల మీద పాకే రేటు, ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం యాభై ఎనిమిదికి పడగ ఎత్తుతుంది. సోమవారానికి మళ్ళీ నలభై ఆరు. కానీ వీళ్ళకి మాత్రం నెలంతా యాభై ఎనిమిదే. సూరత్ మిల్లులతో హర్షిదాబెన్ మాట్లాడుకున్న అమ్మకం ధర దీపావళి దాకా పైసా కదలదు. అంటే బస్తా కట్టిన ప్రతిసారీ ఆవిడ తన చేతి సొమ్ము అందులో పోసి కడుతున్నట్టే. నాలుగో నెల కూడా యాభై ఎనిమిది పడితే దీపావళి ముందే గేటుకి తాళం వేయాలి. అందులో ఇంక దాపరికమేమీ లేదు. పనివాళ్ళకి కూడా తెలుసు.

ఆవిడ ముందు కేవల్ శేఠ్ దగ్గరికే వెళ్ళింది. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ సాసర్లో పోసిచ్చి, తన చేతిలో ఏముందన్నాడు. మార్కెట్ ట్రెండు అలా ఉందట.

“ట్రెండు నెలకోసారి శుక్రవారమే వస్తుందా శేఠ్?” అంది ఆవిడ. “శనివారం నుంచి సెలవు పెడుతుందా?”

శేఠ్ హాయిగా నవ్వాడు. బెన్ నోరు భలే పదునన్నాడు. ఇంతకాలం కష్టపడ్డారు, ఇక ఆ స్థలం నాకిచ్చేసి మీరూ పీయూష్‌భాయూ ద్వారక, సోమనాథ్ తిరిగి రండి, మంచి ధరే ఇస్తానన్నాడు. ఆ రోడ్డులో మూతబడ్డ మూడు షెడ్ల మీద అప్పటికే ఆయన బోర్డులున్నాయి. హర్షిదాబెన్ టీ ముట్టకుండా లేచి వచ్చేసింది. స్కూటర్ మీద ఇంటికొచ్చేదాకా ఆయన్ని తిడుతూనే ఉంది. సిగ్నల్ దగ్గర పక్కనున్న ఆటోవాడు తననే తిడుతోందనుకుని బండి వెనక్కి జరుపుకున్నాడు.

అసలు సంగతి బయటపెట్టింది ఫోర్‌మన్ ధనసుఖ్. హైవే మీద శేఠ్ ట్యాంకుల యార్డు పక్కనున్న ధాబాలో అతను శుక్రవారాలు భోంచేస్తాడు. నెల ఆఖరి శుక్రవారం నాడు ఒక ట్యాంకరు యార్డులోంచి బయటికొచ్చి, ధాబా వెనక సాయంత్రం దాకా నిలబడి, మళ్ళీ అదే యార్డులోకి పోతోందట. డ్రైవరు భన్వర్‌సింగ్ ఆ పూటంతా నులకమంచం మీద నిద్రే.

“ఖాళీగా పోతోందేమో రా,” అంది హర్షిదాబెన్.

“ఖాళీ బండికి టైర్లు అలా చదునుగా నొక్కుకుపోతాయా బెన్? వచ్చేటప్పుడూ నిండే, పోయేటప్పుడూ నిండే.”

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. బొమ్మ మొత్తం కళ్ళ ముందు నిలబడింది. ముంబయి రేటు పత్రం నడిపే జాల్ కాకాకి ఒక ఫోన్ గ్రూపు ఉంది. సాయంత్రం నాలుగు నుంచి నాలుగున్నర దాకా అందులో అందరి ఎదుటా బేరం జరగాలి. ఒకరు తమ పేరుతో ఇంతకి కొంటానని అడుగుతారు. ఇచ్చేవాడు ‘ఇచ్చాను’ అంటాడు, అడిగినవాడు ‘తీసుకున్నాను’ అంటాడు. ఆ ధరే పత్రంలో పడుతుంది. కేవల్ శేఠ్ యాభై ఎనిమిదికి అడుగుతున్నాడు, అతని బావమరిది నిమేష్ వేరే కంపెనీ పేరుతో ఇస్తున్నాడు. సరుకు కదిలిందనడానికి సాక్ష్యం ఆ ట్యాంకరు. బావ సరుకే బావమరిది బావకి అమ్ముతున్నాడు. ఒక్క బండిని ధాబా దాకా తిప్పి, పదకొండు ఫ్యాక్టరీల నెత్తిన నెలంతా కిలోకి పన్నెండేసి రూపాయలు రుద్దుతున్నారు.

జాల్ కాకాకి ఫోన్ చేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పత్రం నడుపుతున్న పార్సీ ముసలాయన. ఆవిడ కడుపులోదంతా కక్కేదాకా అడ్డు రాకుండా విన్నాడు.

“నేను అచ్చేసేది న్యాయం కాదు దీక్రీ,” అన్నాడు, కూతుర్ని పిలిచినట్టు. “నా ఎదుట ఒకడు అడిగిన ధర, ఒకడు ఇచ్చిన సరుకు. అంతే. ఇచ్చింది బావమరిదా, మేనమామా అని నేను జాతకాలు చూడను.”

“అయితే మీరూ వాళ్ళలో ఒకరే.”

“తిట్టు, పర్లేదు. ముందు ఒకటి చెప్పు. నలభై ఆరు రూపాయల సరుకుని వాడు యాభై ఎనిమిదికి కొంటానంటున్నాడు. ఆ మాట అరగంట సేపు అక్కడే నిలబడి ఉంటుంది. ఎన్ని బండ్లొచ్చినా తీసుకోవాలి. మరి మీలో ఒక్కరూ ఎందుకు అమ్మరు?”

“మేం కొనేవాళ్ళం కాకా.”

“అని ఎవరు చెప్పారు?”

ఆవిడ ఫోన్ పెట్టేసింది. కోపంతోనే పెట్టేసింది. తర్వాత ఆసిడ్ ట్యాంకు దగ్గర నిలబడి ఆ గ్రూపు తెరిచింది. ఆ గ్రూపులో పదేళ్ళుగా ఆవిడ పేరుంది. పదేళ్ళలో ఒక్క మాట రాయలేదు. చిన్నవాళ్ళెవరూ రాయలేదు. అది పెద్ద దిగుమతిదార్ల చోటనీ, తాము చూసి ఊరుకోవాలనీ అందరూ అనుకున్నారు. అలా అనుకోమని ఎవరూ చెప్పలేదు. వాళ్ళంతట వాళ్ళే అనుకుని, వాళ్ళంతట వాళ్ళే గోడవారన నిలబడ్డారు. ఇప్పుడు ఆవిడకి శేఠ్ మీద ఎంత మంటగా ఉందో తన మీదా అంతే మంటగా ఉంది.

మళ్ళీ ఫోన్ చేసి, అడిగినవాడు మధ్యలో వెనక్కి తగ్గితే ఏమవుతుందని అడిగింది. అతని ఆ రోజు బేరాలన్నీ పత్రంలోంచి కొట్టేసి, నిన్నటి ధరే అచ్చేస్తానన్నాడు కాకా. కానీ ‘తీసుకున్నాను’ అన్న సరుకు మాత్రం అన్న ధరకి తీసుకోవలసిందే. లేకపోతే ముంబయిలో వాడితో మళ్ళీ ఎవడూ టీ కూడా తాగడని చెప్పాడు.

బుధవారం పదకొండు ఫ్యాక్టరీల వాళ్ళూ ఆవిడ షెడ్డులో చేరారు. అందరి ట్యాంకుల్లోనూ ఎంతో కొంత ఆసిడ్ ఉంది. నాలుగింటికి శేఠ్ ధర అడగ్గానే వరసగా ‘ఇచ్చాను’ అనాలి. ఆయన యార్డు ట్యాంకులు నిండి ఉన్నాయి, ఆదివారం ఇంకో ఓడ సరుకు దిగుతోంది. పెట్టుకోవడానికి చోటు లేదు. రెండు మూడు బండ్ల తర్వాత తగ్గక తప్పదు. ఆవిడ చెబుతున్నంతసేపూ తలలూపారు. ఎదురు షెడ్డు గోర్ధన్‌భాయ్ మాత్రం గొణిగాడు. పెద్దవాళ్ళతో పెట్టుకుంటే రేపు అసలు సరుకే ఆపేస్తే ఎలా అన్నాడు. చేతిలో ఉన్న కాస్త ఆసిడూ పోగొట్టుకుని కూర్చుంటే ఎలా అన్నాడు.

హర్షిదాబెన్ రెండు చేతులూ ఆయన మొహం ముందు చాపింది.

“చూడండి గోర్ధన్‌భాయ్. గాజులు తొడుక్కున్నది నేను. నేను పోతున్నాను. మీరు ఇంట్లో కూర్చుని ఖాఖరా రొట్టెలు కొరుక్కోండి.”

ఆయన మొహం నల్లబడింది. అరవై అయిదేళ్ళ మనిషి, పదిమందిలో ఆ మాట పడ్డాడు. చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మిగతా వాళ్ళు తప్పకుండా బెన్, తప్పకుండా అంటూ లేచారు.

శుక్రవారం నాలుగింటికి గ్రూపులో కేవల్ శేఠ్ మాట పడింది. వాపి సరుకు, కిలో యాభై ఎనిమిదికి కొంటాను. ఒక్క నిమిషంలో నిమేష్ ‘ఇచ్చాను’ అన్నాడు. బావగారు ‘తీసుకున్నాను’ అన్నాడు. మూడు నెలలుగా అక్కడితో అయిపోయేది.

హర్షిదాబెన్ ట్యాంకులో ఉన్నది పద్దెనిమిది టన్నులు. పండగ దాకా పని నడవాలంటే అదే ఆధారం. మొత్తం రాసింది. ఇచ్చాను, పద్దెనిమిది టన్నులు, హర్షిదా. రాసింది కోపంతోనే గానీ, అందులో భయమూ ఉంది.

రెండు నిమిషాలకి ఫోన్ మోగింది. శేఠ్ గొంతు ఎప్పట్లా తియ్యగానే ఉంది.

“బెన్, పొరపాటున చెయ్యి తగిలినట్టుంది.”

“పొరపాటు పదేళ్ళు చేశాం శేఠ్. ఇది పొరపాటు కాదు. బండి పంపించండి.”

“పంపిస్తా, దానికేం. ఒక్క బండితో నాకు పోయేదేముంది? రేటు యాభై ఎనిమిదే పడుతుంది. మీరు ఖాళీ ట్యాంకు ముందు దీపాలు పెట్టుకోండి.”

గ్రూపులో ‘తీసుకున్నాను’ అని పడింది. ఆ తర్వాత ఏమీ పడలేదు. నాలుగూ పది. నాలుగుంపావు. తప్పకుండా బెన్ అన్నవాళ్ళు ఒక్కరూ నోరు విప్పలేదు. అందరూ చూస్తున్నారని గ్రూపు చూపిస్తూనే ఉంది. చూడటం వాళ్ళకి అలవాటే. హర్షిదాబెన్ ఒక్కొక్కరి పేరూ పెట్టి, వాళ్ళ తాతల దాకా వెళ్ళి తిట్టింది. ఈ రేటే పడితే, ఇంత చేసినందుకు తన ట్యాంకు ఒక్కటే ఖాళీ అయిందన్నమాట. ఒకటో తారీఖు నుంచి మళ్ళీ యాభై ఎనిమిదికి కొనాలి. కొంటే నష్టం, కొనకపోతే పని ఆగిపోతుంది.

పీయూష్‌భాయ్ ఇదంతా వింటూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

“పో, నువ్వూ పో,” అంది ఆవిడ, ఆయన వీపు వంక చూసి.

నాలుగూ పందొమ్మిదికి గ్రూపులో ఒక మాట పడింది. ఇచ్చాను, పన్నెండు టన్నులు, గోర్ధన్.

ఆవిడ ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. పీయూష్‌భాయ్ రోడ్డు దాటి గోర్ధన్‌భాయ్ గేటు దగ్గర నిలబడి, ‘ఆవిడ ట్యాంకు ఖాళీ అయిపోయింది భాయ్’ అన్నాడట. బతిమాలలేదు. గోర్ధన్‌భాయ్ కళ్ళజోడు తెమ్మని కోడలికి చెప్పాడట. ఇదంతా ఆవిడకి తర్వాత తెలిసింది.

శేఠ్ ‘తీసుకున్నాను’ అనడానికి ఈసారి నాలుగు నిమిషాలు పట్టింది. అనీ అనకముందే ఇంకో ఫ్యాక్టరీ పదిహేను టన్నులంది, వెంటనే మరొకటి ఇరవై అంది. నాలుగూ ఇరవై ఆరుకి కేవల్ శేఠ్ తన మాట వెనక్కి తీసుకుంటున్నానని రాశాడు. ఆ నిమిషంలోనే జాల్ కాకా రాశాడు. ఈయన ఈ రోజు బేరాలన్నీ పత్రంలోంచి కొట్టేశాను, రేటు నిన్నటిదే, నలభై ఆరు. తీసుకున్నానన్న సరుకు మాత్రం సాయంత్రంలోగా ఎత్తాలి.

అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. గుడ్లప్పగించి చూసిన ఏడుగురూ వరసగా చేశారు. శభాష్ బెన్ అన్నారు, నెట్ రాలేదన్నారు, ఒకడైతే సరిగ్గా రాయబోతుంటే ఛార్జింగ్ అయిపోయిందన్నాడు. మర్నెలంతా నలభై ఆరుకి వాళ్ళూ కొనుక్కుంటారు. ఆవిడ ఎవరినీ వదల్లేదు. తిట్టి తిట్టి గొంతు బొంగురుపోయాక ఫోన్ ధనసుఖ్ చేతికిచ్చి, మిగిలినవాళ్ళని నువ్వు తిట్టు అంది. గోర్ధన్‌భాయ్ దగ్గరికి మాత్రం తనే రోడ్డు దాటి వెళ్ళింది. గాజుల మాట తప్పని చెప్పింది. తలుపు దగ్గరే చెప్పి వచ్చేసింది. ఎక్కువసేపు నిలబడటం ఇద్దరికీ చేతకాలేదు.

ఆరింటికి గేటు ముందు ట్యాంకరు హారన్ కొట్టింది. అదే బండి. భన్వర్‌సింగ్ దిగి, తలగుడ్డ సర్దుకుని, షెడ్డు చుట్టూ చూశాడు.

“మూడు నెలలైంది బెన్, ఆఖరి శుక్రవారం ఈ బండి నిజంగా ఒక చోటికెళ్ళి,” అన్నాడు.

హర్షిదాబెన్ నవ్వలేదు. గొట్టం బిగించి వాల్వు తనే తిప్పింది. ముక్కు మండే ఆ వాసన షెడ్డంతా నిండింది. ట్యాంకు అద్దంలో మట్టం కిందికి జారుతుంటే పనివాళ్ళు చూస్తూ నిలబడ్డారు. భన్వర్‌సింగ్‌కి కూడా ఉండబట్టలేదు.

“ఉన్నదంతా పంపేస్తున్నారు. యార్డులో దింపడానికే చోటు లేదని శేఠ్ గోల పెడుతున్నాడు. మరి సోమవారం నుంచి మీకు పనెలా?”

“సోమవారం ఒకటో తారీఖు,” అంది ఆవిడ, చేతులు తుడుచుకుంటూ. “ఇవాళ పడిన రేటు నలభై ఆరు. ఆ రేటుకి నా ట్యాంకు నింపాలని ఒప్పందంలో ఉంది. రాసింది మీ శేఠే. పొద్దున్నే రమ్మని చెప్పు. గేటు తీసే ఉంటుంది.”