చుక్క వంతెనెక్కిన విధం

లిడియా చనిపోయింది మంగళవారం. ఆ పొద్దున విశ్వాసం మేష్టారు నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నారు. లెక్క సగంలో ఉండగా ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మేష్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని అతని వెంట వెళ్లారు. తొమ్మిది రోజుల జ్వరం అంతటితో ముగిసింది. సగం వేసిన లెక్క నల్లబల్ల మీద నాలుగు రోజులు అలాగే ఉంది. దాన్ని తుడవడానికి పిల్లలెవరికీ చెయ్యి రాలేదు.

అది పంతొమ్మిది వందల ముప్పై ఐదో సంవత్సరం, సెప్టెంబరు నెల.

మేష్టారి భార్య లిడియా నర్సు. ఏలూరు నుంచి కొల్లేటి గట్టు ఊళ్ల దాకా పదకొండేళ్లు తిరిగి కాన్పులు చేసింది. ఆ తిరుగుడు కోసం చర్చి సంఘంవాళ్లు ఆమెకొక జట్కా, ఒక ఆడగుర్రం ఇచ్చారు. గోధుమ రంగు గుర్రం, నుదుట తెల్లటి చుక్క. అందుకని దాని పేరు చుక్క. జట్కా లిడియాయే తోలుకునేది. ఆడమనిషి జట్కా తోలడమేమిటని మొదట్లో గట్టు ఊళ్లు నవ్వాయి. ఆ ఊళ్ల పసిపిల్లల్లో సగంమంది ఆ జట్కా వచ్చి ఆగాకే భూమ్మీద పడటం మొదలయ్యాక నవ్వు మానేశాయి.

ఆమె స్థానంలో హన్నమ్మ అనే కొత్త నర్సు వచ్చింది. మొదటి రోజు మేష్టారే జట్కా తోలుకుని ఆమెను బయల్దేరదీశారు. ఊరు దాటి మూడు మైళ్లు పోతే కాలవ మీద వంతెన ఉంది. కింద పడవలు పోవాలి కనుక దాన్ని ఎత్తుగా, ఒంటె మూపులా కట్టారు. చుక్క ఆ ఎక్కుడు మొదట్లో ఆగిపోయింది. అదిలించినా కదల్లేదు. చెవులు నిక్కించి వంతెన వైపు చూస్తూ నిలబడింది.

మేష్టారు దిగి దాని మెడ మీద చెయ్యి వేశారు. దీనికీ తెలుసు, అనుకున్నారు. లిడియా లేదని దీనికీ తెలుసు. సంచిలోంచి నానబెట్టిన ఉలవలు తీసి పిడికెడు పెట్టారు. కాసేపు అలాగే నిలబడి, జట్కాను ఇంటివైపు తిప్పారు.  మర్నాడు హన్నమ్మ ఎడ్లబండి మాట్లాడుకుని వెళ్లింది.

రెండోసారీ అంతే జరిగింది. మూడోసారీ అంతే. ఊళ్లో జట్కావాళ్లకు జాలేసి తలా ఒక చెయ్యి వేశారు. ఒకడు చెర్నాకోలతో కొట్టాడు. చుక్క వెనక్కి వెనక్కి నడిచి జట్కా చక్రం కాలవలో దించబోయింది. ఇంకొకడు మూతికి తాడు కట్టి నలుగురిచేత ఎదురు లాగించాడు. అది వెనక్కాళ్ల మీద కూలబడింది. ఏం చేసినా చివరికి మేష్టారు ఉలవలు పెట్టి ఇంటికి తోలుకు రావడమే అయింది.

సంఘం పెద్ద ప్రసాదరావు గారు ఒక సాయంత్రం బడికి వచ్చారు. మంచి మనిషి. కుర్చీ అంచున కూర్చున్నారు.

"మేష్టారూ, మీ మనసు నాకు తెలుసండి. కానీ కాన్పులు ఎవరి కోసమూ ఆగవు కదండీ. హన్నమ్మ ఎడ్లబండిలో వెళ్లేసరికి బిడ్డకి బొడ్డుకోసి స్నానం కూడా చేయించేస్తున్నారట. క్రిస్మస్ లోపల హన్నమ్మ తోలితే అది వంతెనెక్కాలండి. లేకపోతే..."

"లేకపోతే?"

"సున్నపు బట్టీవాళ్లు అడుగుతున్నారండి."

సున్నపు బట్టీ గుర్రాలను మేష్టారు చూశారు. వాటి భుజాల మీద పుళ్లు ఎండాకాలమైనా మానవు. చుక్కకు పదిహేనేళ్లు. అక్కడ రెండేళ్లు కూడా బతకదు.

శనివారం బడి మూసి, ప్యాసింజరెక్కి తాడేపల్లిగూడెం వెళ్లారు. అక్కడ స్టేషను వెనక యోసేపు అనే ముసలాయన గుర్రాలకు నాడాలు కొడతాడనీ, మొండి గుర్రాలను బండికి అలవాటు చేస్తాడనీ ఎవరో చెప్పారు. వయసులో ఉన్నప్పుడు దొరల గుర్రాల దగ్గర పనిచేశాడట. మేష్టారు వెళ్లేసరికి ఒక జట్కా గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని గిట్ట చెక్కుతున్నాడు. తలెత్తకుండానే అంతా విన్నాడు.

"ఎన్నిసార్లు వెనక్కి తిప్పారండీ?"

"తొమ్మిదిసార్లు."

"ఆయ్. అయితే పాఠం తొమ్మిదిసార్లు చెప్పారన్నమాట. ఆగితే ఇంటికెళ్లిపోవచ్చు అని. ఉలవలు ఎక్కడ పెట్టారు?"

"అక్కడే. వంతెన ఎక్కుడు మొదట్లోనే. పాపం, అది దుఃఖంలో ఉందండీ."

యోసేపు చెక్కడం ఆపాడు. "మీతో చెప్పిందాండీ?"

 మేష్టారి ముఖం చూసి ముసలాయన గొంతు తగ్గించాడు.

"తప్పుగా అనుకోకండి మేష్టారూ. దానికి దుఃఖం ఉందో లేదో దేవుడికి తెలియాలి. నేను ముప్పై ఏళ్లు గుర్రాల్ని చూశానండి. గుర్రం ఆగిందంటే ఎవరో ఆగమని నేర్పుంటారు. తెలిసైనా, తెలియకైనా. సరే గాని, బళ్లో పిల్లల్ని కొడతారా?"

"బెత్తం ఉంది."

"ఎప్పుడు కొడతారు?"

"సాయంత్రం పలకలు దిద్దాక, తప్పుల్ని బట్టి."

"లెక్క పొద్దున చేసి, దెబ్బ సాయంత్రం తింటే ఏం నేర్చుకుంటారండీ? సాయంత్రం అంటే భయం నేర్చుకుంటారు. మనుషుల పిల్లలు కనక ఎలాగో సర్దుకుంటారు. గుర్రానికి అంత ఓపిక లేదు. దానికి ఆ క్షణంలో ఏం దొరికితే అదే పాఠం." కాలు కిందికి దించి లేచాడు. "పదండి చూద్దాం. నాకేమీ ఇవ్వక్కర్లేదు. కొల్లేటి కొరమీను తిని చాలా కాలమైంది."

మర్నాడు ఆరాధన అయ్యాక ఇద్దరూ జట్కా కట్టుకుని వంతెన దగ్గరికి వెళ్లారు. చుక్క ఎప్పటిలాగే ఆగింది. యోసేపు కొట్టలేదు, లాగలేదు. పగ్గాలు పూర్తిగా వదిలేసి, రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుని చుట్ట ముట్టించాడు. మేష్టారు పక్కన నిలబడ్డారు. చుట్ట సగం కాలింది.

"దాని చెవులు చూడండి. ఎక్కడున్నాయి?"

"ముందుకు."

"బరువుకి జడిస్తే చెవులు వెనక బండి మీదుంటాయి. నీళ్లకి భయమైతే కాలవ వైపుంటాయి. ఇది వంతెన నెత్తి చూస్తోంది. అక్కడ ఎవరో ఉండాలంటోందండి."

లేచి వెళ్లి పగ్గాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. లాగినట్టు కూడా కనబడలేదు. అలా పట్టుకునే ఉన్నాడు. చాలాసేపటికి చుక్క ముందరి కాలు మీదికి కొంచెం ఒరిగింది. అడుగు కూడా వేయలేదు, ఒరిగిందంతే. వెంటనే వేళ్లు వదిలేసి మెడ నిమిరాడు. మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి ఒరగడానికి అంతసేపు పట్టలేదు. మూడోసారి ఒక అడుగు వేసింది.

"చూశారా? పగ్గం పట్టుకోవడం అడగడమండి, అంతే. నేర్పేదంతా వదలడంలో ఉంది. అది మన మాట విన్న క్షణానే వదిలెయ్యాలి. ఆలస్యమైతే దేనికి వదిలామో దానికి తెలీదు."

ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మేష్టారు ఆ రెండు వేళ్లను చూస్తూ నిలబడిపోయారు.

వంతెన మొదట్లో చింతచెట్టు కింద మజ్జిగ కుండ పెట్టుకుని వెంకటనరసమ్మ అనే ముసలమ్మ కూర్చుంటుంది. ఇదంతా చూసి చూసి ఆవిడ విసుక్కుంది.

"ఏవండీ, ఆ గుర్రాన్ని ఎన్నాళ్లు పీడిస్తారు? అమ్మగారు ముందు నడిస్తేనే గదా అది ఎక్కేది!"

ఇద్దరూ తిరిగి చూశారు.

"ఎక్కుడు దగ్గర అమ్మగారు దిగిపోయేవారు. గుర్రానికి బరువని. దిగి, ఇటు కన్నెత్తైనా చూడకుండా గబగబా పైకి నడిచేవారు. ఇది వెనకాలే పోయేది, కుక్కపిల్లలాగా. పైన ఒడిలోంచి ఏదో తీసి పెట్టేవారు. పెట్టి, కాసేపు కొల్లేరు వైపు చూస్తూ నిలబడేవారు. అప్పుడు బండెక్కేవారు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం మామ్మా?" అన్నాడు యోసేపు.

"అడిగితేనా! వచ్చినవాడల్లా గుర్రాన్నే అడిగాడు. నన్నెవరడిగారు?"

యోసేపు పకపకా నవ్వాడు. మేష్టారు నవ్వలేదు. లిడియా వంతెన మీద నిలబడి కొల్లేరు చూసేదని ఆయనకు తెలియదు. పదకొండేళ్లలో ఆమె ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. ఆయనా అడగలేదు.

"ఆవిడకి గుర్రాల పని ఎవరు నేర్పారండీ?" అని యోసేపు అడిగాడు.

"ఎవరూ నేర్పలేదు."

"అయితే దాన్ని చూసే నేర్చుకున్నారు. ఎంత చక్కగా నేర్పారండీ! కష్టం దగ్గర బరువు తగ్గించారు. ఎదురు నిలబడి లాగలేదు, వీపు చూపించి నడిచారు. గుర్రం ఎదుటిమనిషిని చూస్తే ఆగుతుంది, వీపు చూస్తే వెంట వస్తుంది. తిండి కూడా ఎక్కాక పెట్టారు, ఎక్కకముందు కాదు. దొరల దగ్గర జీతాలు తీసుకున్న మాకు ఇది తెలియడానికి పదేళ్లు పట్టింది." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడు మీరు నడవండి."

మేష్టారు నడిచారు. నాలుగడుగులు వేసి, వస్తోందా అని వెనక్కి చూశారు. చుక్క ఆగిపోయింది. మళ్లీ నడిచారు, మళ్లీ చూశారు. మళ్లీ ఆగింది.

"బైబిల్లో లోతు భార్యలాగా ఆ వెనక్కి చూడటమేమిటండీ! ఉప్పు స్తంభం అయిపోతారు. వస్తుందని నమ్మి నడవండి. పేరే విశ్వాసం పెట్టుకున్నారు!"

మూడోసారి మేష్టారు తల వంచుకుని నడిచారు. ఎక్కుడు మొదట తన చెప్పుల చప్పుడే వినబడింది. తర్వాత వెనక రాళ్ల మీద నాడాల చప్పుడు, ఖాళీ జట్కా కిర్రుమనడం. ఆయన ఆగలేదు. వంతెన మీదికి చేరేసరికి భుజం మీద వెచ్చటి ఊపిరి తగిలింది.

సంచిలోంచి ఉలవలు తీశారు. కొన్ని వేళ్ల సందుల్లోంచి జారి నేలపాలయ్యాయి. చుక్క చేతిలోవి తిని, కింద పడినవి కూడా ఏరుకుని తింది.

యోసేపు నాలుగు రోజులు ఉన్నాడు. వెళ్లేటప్పుడు పని అప్పజెప్పాడు. రోజూ కొంచెం కొంచెం తగ్గించాలి. ఇవాళ మేష్టారు వంతెన నెత్తి దాకా నడిస్తే రేపు పది అడుగుల ముందే ఆగి, చుక్కను తన పక్కనుంచి పోనివ్వాలి. ఎల్లుండి ఇంకో పది. చివరికి దిగకుండానే అది ఎక్కాలి. "ఏ రోజైనా మొండికేస్తే నిన్నటి పాఠానికి వెళ్లిపోండి. వచ్చిన పనితోనే ఆ రోజు ముగించండి. ఓడిపోయి ఇంటికి మాత్రం తీసుకెళ్లకండి. ఇంకో మాట. మనిషి మారితే పాఠం మళ్లీ మొదట్నుంచే. హన్నమ్మగారి చేత కూడా నడిపించండి."

నవంబరు అంతా మేష్టారు బడి వదిలాక వంతెన దగ్గరే ఉన్నారు. మధ్యలో ఒక తుపాను వచ్చి వారం రోజులు పని ఆగింది. వాన వెలిశాక, పోయిన రోజులు కలిసిరావాలని ఒకేసారి ముప్పై అడుగులు తగ్గించారు. చుక్క సగం ఎక్కుడులో నిలబడిపోయింది. చేతిలో చెర్నాకోల ఉంది. ఆయన దాన్ని జట్కాలో పడేసి, మొదటి రోజులాగే నెత్తి దాకా నడిచారు. అది వెంట వచ్చింది. తొందర ఎవరిదో ఆయనకు తెలిసింది.

డిసెంబరు మొదటి వారంలో చుక్క మేష్టారితో, ఆయన జట్కా దిగకుండానే వంతెనెక్కింది. తర్వాత హన్నమ్మ వంతు. ఆవిడకు గుర్రమంటే భయం, చుక్కకు ఆవిడంటే అనుమానం.

"కరుస్తుందేమో మేష్టారూ!"

"ఉలవలు పెట్టేవాళ్లని కరవదమ్మా. వీపు తిప్పి నడవండి."

"వీపు తిప్పాకే కదండీ కరిచేది!"

వెంకటనరసమ్మ చింతచెట్టు కింద కడుపు పట్టుకుని నవ్వింది. అయినా హన్నమ్మ కొంగు బిగించి నడిచింది. పది రోజులు నడిచింది.

క్రిస్మస్‌కు ఐదు రోజులుందనగా ప్రసాదరావు గారు చూడటానికి వచ్చారు. హన్నమ్మ ఒక్కతే జట్కాలో కూర్చుని పగ్గాలు పట్టుకుంది. ఎక్కుడు మొదట్లో చుక్క ఒక్క క్షణం ఆగి, చెవులు నిక్కించి పైకి చూసింది. హన్నమ్మ పగ్గం కొంచెం బిగించింది. చుక్క ఒరిగింది, ఆవిడ వదిలింది. జట్కా వంతెనెక్కి అవతలికి దిగి, గట్టు రోడ్డు మీద చిన్నదైపోయింది. ఆ సాయంత్రం ఆవిడ కాన్పుకు వేళకు వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది.

"బట్టీవాళ్లకి లేదని కబురు పెడతానండి," అన్నారు ప్రసాదరావు గారు.

మేష్టారు ఆ రాత్రే యోసేపుకు కార్డు రాశారు. "చుక్క ఎక్కింది. నేర్పినది లిడియా. చెడగొట్టినది నేను. బాగుచేసినది మీరు."  కార్డు వెంటే రైల్లో రెండు కొరమీలు కూడా వెళ్లాయి.

ఇప్పుడు ప్రతి శనివారం కొల్లేటికోట వెళ్లే పడవకు అందించాల్సిన మందులపెట్టెను మేష్టారే రేవు దాకా జట్కాలో తీసుకెళతారు. చుక్క దానంతటదే వంతెనెక్కి పైన ఆగుతుంది. ఆయన దిగి ఉలవలు పెడతారు. పెట్టె తాళ్లు సరిచూస్తారు, చక్రం చీల చూస్తారు, మళ్లీ ఎక్కి కూర్చుంటారు. లిడియా నిలబడే చోటు వెంకటనరసమ్మ చూపించింది. కుడివైపు పిట్టగోడ, మూడో రాయి దగ్గర. అక్కడ నిలబడి కొల్లేరు వైపు చూడటం మాత్రం ఆయన ఇంకా చేయలేదు.